రెండో వారం దక్కని సినిమాలు

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "గొప్ప తెలుగు సినిమాలు అని ఎవరు జాబితా రాసినా అవే ఇరవై పేర్లు తిరుగుతుంటాయి. మిగతావి నిజంగానే బాగోలేదా, లేక మీడియా హైప్ లేక మరుగునపడిపోయాయా? అలాంటివి మాలాంటివాళ్ళు ఎలా వెతుక్కోవాలి?"

నేను విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల్లో దాదాపు ముప్పయ్యేళ్ళు పనిచేశానండి. మొదట్లో రిప్రజెంటేటివ్‌గా, అంటే హాల్లో టికెట్ల లెక్క చూసుకునే డిస్ట్రిబ్యూటరు మనిషిగా, ఊరూరూ తిరిగాను, తర్వాత ఆఫీసులో కూర్చుని కృష్ణా, గుంటూరు జిల్లాల బుకింగ్, అంటే ఏ సినిమా ఏ హాల్లో వెయ్యాలన్నది, చూశాను. కాబట్టి టికెట్లు తెగడం, తెగకపోవడం దగ్గర్నుంచి చూసినవాడిగా చెప్తాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా ఒక మాట. హైప్ చెత్త సినిమాని మంచి సినిమా చెయ్యలేదు. మొదటి మూడు రోజులు జనాన్ని లాక్కొస్తుంది, అంతవరకే దాని బలం. అది చేసే అసలు నష్టం పక్క సినిమాకి. ఆ సినిమాకి దక్కాల్సిన హాళ్ళని, రోజుల్ని తినేస్తుంది. మరుగునపడిపోయిన మంచి సినిమాల్లో చాలావాటికి పత్రికల్లో పొగడ్తలు వచ్చాయి, అవార్డులూ వచ్చాయి. వాటికి దొరకనిది రెండో వారం.

నా కళ్ళ ముందు జరిగింది చెప్తాను. తొంభైల మొదట్లో గుంటూరులో ఒక చిన్న సినిమాకి నన్ను రిప్రజెంటేటివ్‌గా పంపారు. పేరున్న నటులు లేరు, పోస్టర్లు కూడా పల్చగా అతికించారు. శుక్రవారం మ్యాట్నీకి బాల్కనీలో ఒకే ఒక్క కుటుంబం, కింద అక్కడక్కడా జనం. ఇంటర్వెల్లో క్యాంటీన్ అబ్బాయి సమోసాల పళ్ళెం అలాగే లోపలికి పట్టుకుపోయాడు. శనివారం కాస్త నయం. ఆదివారం ఫస్ట్ షోకి ఆడవాళ్ళ క్యూ పక్కన నిలబడి ఉంటే ఒకావిడ పక్కావిడతో "నిన్న మా చెల్లెలు చూసొచ్చిందండీ, నువ్వూ చూడవే అక్కా అని పోరు పెడితే వచ్చా" అంటోంది. ఆ ఒక్క మాట వింటే మా వ్యాపారంలో ఉన్నవాడికి ప్రాణం లేచొస్తుంది. సోమవారం వసూళ్ళు మామూలుగా సగానికి పడిపోవాలి, పడలేదు. మంగళవారం సోమవారం కంటే పెరిగింది. మా డీసీఆర్ అంటే ఆటవారీగా, తరగతివారీగా ఎన్ని టికెట్లు తెగాయో రాసే రోజువారీ కాగితం. అందులో సోమవారం కంటే మంగళవారం అంకె పెద్దదైతే ఆ సినిమా నిలబడిందని అర్థం, దానికి ఇంకెవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

కానీ ఆ హాలు శుక్రవారం నుంచి ఒక పెద్ద హీరో సినిమాకి ముందే రాసిచ్చేశారు, అడ్వాన్సు కూడా ముట్టింది. గురువారం సెకండ్ షో అవగానే రీళ్ళు పెట్టెలో సర్దించి రిక్షాలో బస్టాండుకి తీసుకెళ్ళింది నేనే. మర్నాడు ఆఫీసులో ఆ కాగితాలన్నీ బల్ల మీద పరిచి, ఇంకేదైనా హాలు చూడండి, కనీసం మార్నింగ్ షోలైనా వేద్దాం అని బతిమాలాను. దొరకలేదు. ఆ తర్వాత ఆ సినిమాని గుంటూరులో ఎవరూ వెయ్యలేదు. నాకు తెలిసి దాని మంచి ప్రింటు ఈరోజు ఎక్కడా కనపడట్లేదు. అది ఫ్లాప్ అని పుస్తకాల్లో ఉంటుంది. మంగళవారం అంకె సంగతి ఏ పుస్తకంలోనూ ఉండదు.

దీనికి ఎదురు ఉదాహరణ అందరికీ తెలిసిందే, 'శంకరాభరణం'. 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. కథానాయకుడు జె.వి. సోమయాజులు గారు నాటకాల మనిషి, సినిమా జనానికి కొత్త. పాటలన్నీ సంగీత శాస్త్రం తెలిసినవాళ్ళకేనేమో అనిపించే వరస. కొనడానికి బయ్యర్లు వెనకాడారు, మొదటి రోజుల్లో హాళ్ళు ఖాళీగా ఉన్నాయి. తర్వాత చూసినవాళ్ళే ఇంటింటికీ వెళ్ళి చెప్పినంత పని చేశారు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను, మా నాన్న ఎవరో చెప్తే విని మమ్మల్ని తీసుకెళ్ళేసరికి టికెట్ల కోసం తోపులాట. అది దర్శకుడు విశ్వనాథ్ గారి గొప్పతనమే, నిర్మాత ఏడిద నాగేశ్వరరావు గారి ధైర్యమే, కాదనను. కానీ ఆ ఖాళీ రోజుల్లో హాలు దాన్ని భరించింది. ఇవాళ అదే సినిమా అలాగే మొదలైతే సోమవారం ఉదయానికి షోలు సగం లేపేస్తారు, ఆ సాయంత్రం వెళ్దామనుకున్నవాడికి అది ఊళ్ళోనే ఉండదు.

ఎందుకిలా అయిందో కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పంతా యూట్యూబ్ రివ్యూలదని అనుకుంటున్నారు చాలామంది. రీలు రోజుల్లో ఒక్కో ప్రింటు ఖరీదైన వ్యవహారం, అందుకని ప్రింట్లు తక్కువ తీసేవాళ్ళు. ఒక ప్రింటు విజయవాడలోనో గుంటూరులోనో ఆడి, తర్వాత తెనాలి, నరసరావుపేట, రేపల్లె, అక్కణ్ణుంచి చిన్న ఊళ్ళ టూరింగ్ టాకీసులు, ఇలా నెలల తరబడి ప్రయాణం చేసేది. తెనాలి వాడు చూసే సమయానికి గుంటూరు వాడి అభిప్రాయం బస్సెక్కి వచ్చేసేది. సినిమా తన కాళ్ళ మీద తాను నడిచే వీలుండేది. డిజిటల్ వచ్చాక ఒకే రోజు ప్రతి ఊళ్ళోనూ, ఒకే ఊళ్ళో పది తెరల మీదా వేస్తున్నారు. పెట్టిన డబ్బంతా శుక్ర, శని, ఆదివారాల్లో తిరిగి రావాలి. అలా రావాలంటే ఎవరూ ఎవరినీ అడిగి తెలుసుకునే లోపే అందరూ టికెట్ కొనేసి ఉండాలి. ప్రీ రిలీజ్ ఈవెంట్లు, టీజరుకి టీజరు, తెల్లవారుజాము షోలు, ఇవన్నీ ఆ అవసరంలోంచి పుట్టినవే. అమెరికాలో 1975లో 'జాస్' సినిమాని టీవీ ప్రకటనలతో ఊదరగొట్టి వందల హాళ్ళలో ఒకేసారి విడుదల చేసినప్పుడు ఈ పద్ధతికి పెద్ద ఊపు వచ్చింది, మన దగ్గరికి నిదానంగా చేరింది.

హైప్ కొత్తదేమీ కాదు లెండి. 1948లో జెమినీ వాసన్ గారు 'చంద్రలేఖ'కి చేసిన ప్రచారం గురించి గాంధీనగర్ పెద్దలు నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో కూడా కథలు కథలుగా చెప్పేవాళ్ళు. రిక్షాకి రెండువైపులా బోర్డులు కట్టి మైకులో అరవడం, కరపత్రాల కోసం పిల్లలు రిక్షా వెంట పరుగెత్తడం మీ నాన్నగార్ని అడగండి, చెప్తారు. కాకపోతే ఆ రిక్షా వెళ్ళిపోయాక వీధి ప్రశాంతంగా ఉండేది, మనిషికి ఆలోచించుకునే టైము దొరికేది.

మీడియా గట్టిగా అరవడం వల్ల ఎంత నష్టమో, నోరు మూసుకోవడం వల్ల కూడా అంతే నష్టం. 1941లో వచ్చిన 'సిటిజన్ కేన్' హర్‌స్ట్ అనే పత్రికాధిపతిని ఎత్తిచూపుతోందని ఆయన పత్రికలు దాని ప్రకటనలు కూడా వేసుకోలేదు. అప్పుడది డబ్బు చేసుకోలేదు. తర్వాత ప్రపంచంలోనే గొప్ప సినిమా అని దశాబ్దాల పాటు విమర్శకులు ఓట్లేసింది ఆ సినిమాకే. 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' కథ ఇంకా చిత్రం. 1946లో వచ్చి నష్టపోయింది. 1974లో కాపీరైటు రెన్యువల్ చెయ్యడం మర్చిపోతే, ఊరికే వస్తోంది కదా అని టీవీ చానళ్ళు ప్రతి క్రిస్మస్‌కీ వేశాయి. వేసి వేసి అది అమెరికాలో ఇంటింటి సినిమా అయిపోయింది. సినిమా మారలేదు, అది జనం ముందు ఉన్న రోజులు పెరిగాయి. మన 'రైతుబిడ్డ' మీదైతే ఏకంగా అధికారమే కూర్చుంది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారు జమీందారీ దోపిడీ మీద తీస్తే నిషేధించారు.

ఇప్పుడు మీరు అసలు అడిగిన దానికి వస్తాను, ఏవి చూడాలి అని.

'షావుకారు' (1950) తో మొదలుపెట్టండి. విజయా వారి మొదటి సినిమా, మన తెనాలి చక్రపాణి గారి కథ, ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వం. ఇరుగుపొరుగు రెండు కుటుంబాలు, మధ్యలో డబ్బు, పంతం, అంతే కథ. షావుకారు చెంగయ్యగా గోవిందరాజుల సుబ్బారావు గారిని చూడండి. గొంతు పెంచకుండానే మనిషిలోని పిసినారితనాన్నీ, మొండితనాన్నీ, లోపలెక్కడో ఉన్న మెత్తదనాన్నీ చూపిస్తాడు. ఎస్.వి. రంగారావు గారు ఇందులో సున్నం రంగడనే రౌడీ. సినిమాకి పేరొచ్చింది, డబ్బు రాలేదు. మరుసటి ఏడాది అదే సంస్థ 'పాతాళభైరవి' తీసింది, అది ఊళ్ళన్నీ ఊపేసింది. 'పాతాళభైరవి' నాకూ ప్రాణమే. అయినా ఆ వెలుగులో 'షావుకారు' కళ్ళకి ఆనకుండా పోయింది, అందులో కథానాయిక జానకి గారి ఇంటిపేరుగా మాత్రం మిగిలింది. ఆ పేరు ఎక్కడిదో తెలియకుండానే షావుకారు జానకి అనేవాళ్ళు ఎంతమందో.

తర్వాత 'బంగారు పాప'. బి.ఎన్. రెడ్డి గారంటే 'మల్లీశ్వరి' అంటారు, అక్కడితో ఆగిపోతారు. 1955లో విడుదలైన ఈ సినిమా జార్జ్ ఇలియట్ నవల 'సైలస్ మార్నర్' ఆధారంగా తీసింది, కానీ ఎక్కడా పరాయి వాసన రాదు. మాటలు పాలగుమ్మి పద్మరాజు గారివి, పాటలు కృష్ణశాస్త్రి గారివి. లోకం మీద పగతో రగిలిపోయే కోటయ్యకి అనాథ పసిపాప దొరుకుతుంది. ఆ బిడ్డని చేతుల్లోకి తీసుకున్నాక కోటయ్య వేషం వేసిన రంగారావు గారి భుజాలు చూడండి. అంతవరకూ కొట్టడానికి లేచినట్టుండే భుజాలు ఎలా దిగుతాయో, అంత పెద్ద శరీరం బిడ్డ చుట్టూ ఎలా ఒదుగుతుందో. నేను ఈ సినిమా నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ ఆ దగ్గరే గొంతు పట్టేసింది. మాంత్రికుడు, కీచకుడు, ఘటోత్కచుడు అని ఆయన్ని తలుచుకుంటాం, తలుచుకోవాల్సిందే. కానీ నన్నడిగితే ఆయన చేసిన వాటిలో అన్నిటికన్నా పెద్ద వేషం కోటయ్యే.

'చివరకు మిగిలేది' (1960) గురించి రాయకపోతే ఈ జవాబుకి అర్థం లేదు. గుత్తా రామినీడు గారు తీశారు. ముందు ఏడాది బెంగాలీలో సుచిత్రాసేన్ చేసిన 'దీప్ జ్వేలే జాయ్' కథే. మన సావిత్రి గారు, చిర్రావూరు ఆడపడుచు, ఇందులో మానసిక ఆసుపత్రి నర్సు. మనసు దెబ్బతిన్న రోగిని బాగుచెయ్యడానికి ప్రేమ నటించాలి, అది ఆమె ఉద్యోగం. నటిస్తూ నటిస్తూ ప్రేమిస్తుంది, రోగి బాగుపడి వెళ్ళిపోతాడు, ఈమె మనసు విరిగిపోతుంది. నటిస్తున్న మనిషిగా నటించాలి, ఆ లోపల నిజమైన ప్రేమ ఎక్కడ మొదలైందో మనకి తెలియాలి, ఎదుటి పాత్రకి తెలియకూడదు. సావిత్రి గారు అదంతా కళ్ళతోనే చెప్పారు. ఇది డబ్బు చేసుకోలేదు. 'మాయాబజార్', 'మిస్సమ్మ' సావిత్రి గారిని చూడ్డానికి వచ్చిన జనం ఈ బరువు మొయ్యలేకపోయారేమో. ఇదే కథ 1969లో హిందీలో 'ఖామోషీ'గా వచ్చింది, వహీదా రెహమాన్ చేశారు. దాని గురించి మనవాళ్ళు కూడా మాట్లాడతారు, సావిత్రి గారిది మాత్రం ఎత్తరు. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు గారు, అక్కినేని నాగేశ్వరరావు గారు కలిసి సొంత డబ్బు పెట్టి తీసిన 'సుడిగుండాలు' ఉంది. తన కొడుకుని పొట్టన పెట్టుకున్న కుర్రాళ్ళ తరఫునే తండ్రి కోర్టులో నిలబడే కథ, ఆ రోజుల్లో ఎంత తెగింపో చూడండి. నిజం చెప్పాలంటే అందులో ఉపన్యాసాలు కొంచెం ఎక్కువ. వాళ్ళే తర్వాత తీసిన 'మరో ప్రపంచం' (1970)లో ఇంకా ఎక్కువ. అయినా ఒక అగ్ర హీరో తన మార్కెట్టు పక్కన పెట్టి అలాంటి పని చేశాడన్నది మనం మర్చిపోకూడదు.

ఇంకో వరస ఉంది, మన వైపు హాళ్ళలో సరిగ్గా ఆడనే ఆడనివి. మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977), శారద గారికి జాతీయ అవార్డు తెచ్చిన బి.ఎస్. నారాయణ గారి 'నిమజ్జనం', బి. నర్సింగరావు గారి 'దాసి' (1988). 'దాసి' నేను హాల్లో చూడలేదు. ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీ దూరదర్శన్‌లో వేసే ప్రాంతీయ భాషా సినిమాల్లో చూశాను, భోజనాలయ్యాక ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే ఒక్కణ్ణే కూర్చుని. మాటలు చాలా తక్కువ. గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, అర్చన గారు నీళ్ళు తోడుతూ, వంగి ఊడుస్తూ ఉంటే ఆ నిశ్శబ్దంలోనే భయం వినపడుతుంది. జాతీయ అవార్డులు అయిదు వచ్చాయి దానికి. మర్నాడు ఆఫీసులో దాని గురించి మాట్లాడదామంటే చూసినవాళ్ళు ఒక్కరు లేరు, సినిమా వ్యాపారం చేసే ఆఫీసులో! 'మా భూమి' వేరు. దానికీ స్టార్లు లేరు, కానీ హైదరాబాద్‌లో మార్నింగ్ షోలుగా దాదాపు ఏడాది ఆడింది. మార్నింగ్ షో అన్నది పేద సినిమాకి దొరికిన గొప్ప వసతి. పెద్ద సినిమా మూడాటలూ ఆడుకునేది, పొద్దున ఆట చిన్న సినిమాది. ఆ వసతి ఇప్పుడు లేదు.

హైప్ వెనక్కి తిరిగి కొట్టడం కూడా చూశాను. 2010లో 'ఖలేజా' వచ్చినప్పుడు మూడేళ్ళ ఎదురుచూపు, జనం మనసులో ముందే ఒక సినిమా తయారైపోయి ఉంది. తెర మీద వేరే సినిమా కనపడేసరికి కోపమొచ్చింది. అదే సినిమాని టీవీలో ఏ అంచనా లేకుండా చూసి నెత్తిన పెట్టుకున్నారు, 2025లో మళ్ళీ విడుదల చేస్తే హాళ్ళు హోరెత్తాయి. అదే ఏడాది వచ్చిన 'ఆరెంజ్' సంగతీ అంతే, 2023లో రీ రిలీజ్‌కి కుర్రాళ్ళు పాటలన్నీ హాల్లో పాడారు. అందుకే విడుదలైన వారంలో ఒక సినిమా గురించి మనకి కలిగే అభిప్రాయంలో సగం ప్రచారం పెట్టిన ఆశే ఉంటుందంటాను, పొగడ్త అయినా తిట్టు అయినా. కాకపోతే ఒక జాగ్రత్త. ఇప్పుడు ఆడని ప్రతి సినిమానీ కల్ట్ క్లాసిక్ అని పోస్టరేసి వదులుతున్నారు. ఫ్లాపుల్లో నూటికి తొంభై ఫ్లాప్ అవ్వాల్సినవే, అవి మోసుకుని ఊళ్ళు తిరిగినవాణ్ణి, నాకు తెలుసు.

వెతకడం గురించి. హీరో పేరుతో వెతికితే మళ్ళీ అవే ఇరవై వస్తాయి. రాసినవాళ్ళ పేరుతో వెతకండి. పద్మరాజు గారు ఇంకేం రాశారు, కృష్ణశాస్త్రి గారు ఏ సినిమాలకి పాటలిచ్చారు, మునిపల్లె రాజు గారి నవల 'పూజారి'ని బి.ఎన్. రెడ్డి గారు 'పూజాఫలం'గా ఎలా తీశారు, ఇలా ఒక దారం పట్టుకుంటే ఇంకోటి దొరుకుతుంది. పాట పట్టుకుని సినిమాకి వెళ్ళడం ఇంకో దారి. వంశీ గారి పాత 'మహర్షి' పాటలు కారులో పెట్టుకుని తిరిగేవాళ్ళలో ఆ సినిమా చూసినవాళ్ళు ఎంతమంది? ఆయన ఆ పాటలు ఎంత పిచ్చి ప్రేమ చుట్టూ అల్లారో తెలియకుండానే పాడుతున్నారు. జాతీయ అవార్డుల పాత జాబితాలు తిరగెయ్యండి. అవార్డు వచ్చిందని బాగుంటుందని హామీ లేదు, కానీ వసూళ్ళ లెక్కల్లో లేని పేర్లు అక్కడ కనపడతాయి.

ఆలస్యం మాత్రం చెయ్యకండి. పాత నలుపు తెలుపు ప్రింట్లలో వెండి ఉంటుందని, హక్కులు అయిపోయాక వాటిని కరిగించడానికి అమ్మేసేవాళ్ళు. పుణెలో ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టిందే 1964లో. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' ఈరోజు చూద్దామన్నా లేదు. యూట్యూబ్‌లో ఉన్నవాటిలో చాలావరకు ఎప్పుడో వీడియో క్యాసెట్ల కోసం ఎక్కించినవి, పాటలు కోసేసి, పక్కలు నరికేసి ఉంటాయి. 'బంగారు పాప', 'చివరకు మిగిలేది' చూసే ముందు ఒకటికి రెండు అప్‌లోడ్‌ల నిడివి పోల్చి చూసుకుని, ఎక్కువ నిడివి ఉన్నది పెట్టుకోండి. మొదటి ఇరవై నిమిషాలు ఫోను పక్క గదిలో ఉంచండి, ఆ సినిమాల నడక ఈ కాలం నడక కాదు, కుదురుకోవడానికి ఆమాత్రం పడుతుంది. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, ఏ ఊళ్ళో ఏ హాల్లో ఎవరితో చూశారో చెప్తారు. అది రాసి పెట్టుకోండి, మా డీసీఆర్ కాగితాల్లో లేనిది అదే.